వదలడం తెలిసిన రీలు



సముద్రంలో పెద్ద చేపను గాలంతో పట్టాలని ఉబలాటపడే వారిని మొదట వేధించే ప్రశ్నలు రెండు. ఏ రీలు కొనాలి? దానికి ఏ దారం చుట్టాలి? దుకాణంలో రీలు చేతికిస్తే మనం చేసే పని పిడి పట్టుకుని గిరగిరా తిప్పి చూడటం. చప్పుడు లేకుండా మెత్తగా తిరిగితే మంచి రీలు అనుకుంటాం. చెరువు చేపకు, ఏటి చేపకు ఆ పరీక్ష సరిపోతుందేమో. యాభై కిలోల సూరకో, వంద కిలోల కొమ్ముకోనానికో అది చాలదు. ఆ చేప గాలానికి తగిలిన మొదటి నిమిషాల్లో మనం చుట్టేది ఏమీ ఉండదు. అది పరుగెడుతుంది, దారం పోతూనే ఉంటుంది. ఆ పోయే దారాన్ని తెగకుండా, జర్కు లేకుండా, ఒకే బిగువుతో వదలగలిగిందా లేదా అన్నదే రీలుకు అసలైన పరీక్ష. పెద్ద చేపకు రీలు కొనడమంటే వదలడం తెలిసిన యంత్రాన్ని కొనడం. ఈ రోజు నేను మీకు చెప్పదలచిన మాట ఇదే. మిగిలిందంతా దీని వివరణ.

మన ఉత్తరాంధ్ర తీరంలో సూర, కొమ్ముకోనం వేటకు వెళ్ళే మత్స్యకారులు చాలామందికి రీలు లేదు, రాడ్ లేదు. నైలాన్ తాడు, గాలం, ఎర, రెండు చేతులు. చేప పరుగెత్తితే తాడు వదలాలి, అలిసినప్పుడు లాగాలి. ఎంత బిగువులో వదలాలో చెప్పేది వాళ్ళ అరచేయే. తరాల అనుభవం ఆ అరచేతిలో ఉంది. కానీ ఆ పద్ధతిలో ప్రాణానికి పూచీ లేదు. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా తీరం నుంచి వేటకు వెళ్ళి, గాలం తాడు లాగుతున్న ఒక మత్స్యకారుణ్ణి కొమ్ముకోనం సముద్రంలోకి లాక్కుపోయింది. తోటివాళ్ళు కళ్ళెదుటే చూస్తూ ఏమీ చేయలేకపోయారు. తాడు వదలాల్సిన క్షణంలో వదలకపోతే, లేదా వదలడానికి వీల్లేకుండా చేతికో కాలికో చుట్టుకుపోతే ఏమవుతుందో ఆ విషాదం చెబుతోంది. రీలులో డ్రాగ్ అనే ఏర్పాటు పుట్టింది కూడా ఈ చిక్కును విప్పడానికే.

దాని కథ అమెరికాలో, కాలిఫోర్నియా తీరానికి దగ్గర్లో ఉన్న కాటలినా దీవిలో మొదలైంది. 1898లో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు అక్కడ రాడ్, రీలుతో 183 పౌన్ల సూరను పట్టాడు. మన లెక్కలో 83 కిలోలు. ఆ ఏడాదే అవలాన్ అనే ఊళ్ళో ట్యూనా క్లబ్ వెలిసింది. ఆనాటి రీలులో పిడి నేరుగా చక్రానికే బిగించి ఉండేది. చేప దారాన్ని లాగితే చక్రంతో పాటు పిడి కూడా వెనక్కి అతివేగంగా తిరిగేది. వేళ్ళ కణుపులు చితికిపోయేవి, ఎముకలు విరిగేవి. చక్రాన్ని ఆపడానికి ఉన్నది ఒక తోలుముక్క. దాన్ని బొటనవేలితో దారం మీద అదిమిపెట్టేవారు. అదే బ్రేకు. దారం తెగుతుందా నిలుస్తుందా అన్నది ఆ బొటనవేలి ఒత్తిడిని బట్టి ఉండేది.

అదే క్లబ్బులో విలియం బోషెన్ అనే సభ్యుడికి మంచి ఆలోచన వచ్చింది. పిడి ఒకవైపే తిరగాలి, చక్రం మాత్రం వెనక్కి జారాలి, ఆ జారుడుకు కావలసినంత ఒరిపిడి రీలు లోపలే ఉండాలి. ఆ ఆలోచనకు జూలియస్ వామ్ హాఫ్ అనే రీళ్ళ తయారీదారు రూపమిచ్చాడు. పిడి మొదట్లో నక్షత్రం ఆకారంలో ఉన్న చక్రాన్ని తిప్పితే లోపలి పలకలు బిగుస్తాయి, వెనక్కి తిప్పితే వదులవుతాయి. 1913లో బోషెన్ ఆ రకం రీలుతోనే 350 పౌన్ల పైచిలుకు తూగిన ఖడ్గమత్స్యాన్ని పట్టాడు. రాడ్, రీలుతో ఆ జాతి చేపను పట్టడం అదే మొదటిసారి. ఆ తర్వాత దారి తెరుచుకుంది. 1953 ఆగస్టు 4న పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన నల్ల మార్లిన్ బరువు 1,560 పౌన్లు, అంటే 707 కిలోలు. ఆ రికార్డు నేటికీ చెరగలేదు. ఆ జాతి చేప మన బంగాళాఖాతంలోనూ ఉంది. మన వాళ్ళు కొమ్ముకోనం అని పిలిచే చేపల్లో అదీ ఒకటి.

ఇప్పుడు ఎంపిక సంగతికి వద్దాం. చాలామంది ముందు రీలు కొంటారు, తర్వాత దానికి పట్టే దారం వెతుకుతారు, ఆ తర్వాత దానితో ఏ చేప పట్టవచ్చని అడుగుతారు. వరస తలకిందులు చేయండి. మొదట చేప, తర్వాత దారం, ఆ తర్వాత డ్రాగ్, చివరికి రీలు.

చేప దగ్గర మొదలుపెడదాం. ఎంత బరువుంటుంది అన్నది సగం ప్రశ్న మాత్రమే. గాలం తగిలాక ఎటు పరుగెడుతుంది అన్నది మిగతా సగం. కొమ్ముకోనం నీటి పైపైన, విశాలమైన సముద్రంలోకి దౌడు తీస్తుంది, గాలిలోకి ఎగురుతుంది. దానికి కావలసింది పొడుగాటి దారం, ఓపిక. రెక్కసూర నిట్టనిలువుగా లోతుకు దిగి, అక్కడ గుండ్రంగా తిరుగుతూ బరువంతా మన మీద మోపుతుంది. దానికి కావలసింది ఎత్తే శక్తి. పార జాతిలో అతి పెద్దదైన జెయింట్ ట్రెవల్లీ అలా కాదు. తగలగానే పగడపు దిబ్బల సందుల్లోకి దూసుకుపోతుంది. జపాన్‌లో 2006లో పట్టిన ఈ జాతి చేప 72.8 కిలోలు తూగింది. కుక్కపళ్ళ సూర అనదగ్గ డాగ్‌టూత్ ట్యూనాదీ అదే బుద్ధి. వీటికి వంద మీటర్లు వదిలితే దారం రాతికి ఒరుసుకుని తెగుతుంది. కాబట్టి వీటికి పొడవు కన్నా బిగువు ముఖ్యం. అండమాన్‌లో ఈ రెండు జాతుల కోసమే దేశవిదేశాల నుంచి వేటగాళ్ళు వస్తారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు మత్స్యకార కుటుంబాల వారికి ఈ చేపల పరుగు కొత్త కాదు.

చేప ఏదో తేలాక దారం బలం తేల్చుకోవాలి. అంతర్జాతీయ క్రీడా వేట సంఘం 1939లో న్యూయార్కు నగరంలోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఏర్పడింది. రికార్డుల కోసం ఆ సంఘం దారాలను తరగతులుగా విడదీసింది. పెద్ద చేపలకు వాడేవి 15, 24, 37, 60 కిలోల తరగతులు. పౌన్లలో 30, 50, 80, 130. పాతిక, ముప్ఫై కిలోల సెయిల్‌ఫిష్‌కు 15 కిలోల దారం చాలు. పెద్ద సూరకు 24 లేదా 37. వందల కిలోల మార్లిన్‌కు 37 లేదా 60. చేప బరువు కన్నా దారం బలం ఇంత తక్కువగా ఉందేమిటని మీకు అనిపించవచ్చు. చేపను గాలిలో వేలాడదీసి తూచేటప్పుడు ఆ బరువంతా దారం మీద పడుతుంది. నీటిలో అలా పడదు. అక్కడ దారం మీద పడేది చేప లాగే బలం, దాన్ని అదుపులో ఉంచే పని డ్రాగ్‌ది.

ఇక డ్రాగ్. దారాన్ని ఎంత బలంతో లాగితే చక్రం జారడం మొదలవుతుందో అదే డ్రాగ్ బిగువు. దీనికి ఒక నియమం ఉంది, దాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. దారం తెగే బలంలో మూడో వంతుకు మించి బిగించకూడదు. 24 కిలోల దారానికి 8 కిలోలు. 37 కిలోల దారానికి 12. 60 కిలోల దారానికి 20. మూడింట రెండు వంతులు ఎందుకు వదిలేయాలి? మొదటి కారణం ముడి. ఎంత బాగా వేసిన ముడి అయినా దారం బలాన్ని కొంత తగ్గిస్తుంది. రెండో కారణం రాడ్ రింగుల మీద ఒరిపిడి. మూడోది అన్నింటికన్నా ముఖ్యం. చేప పరుగెత్తేకొద్దీ బిగువు తనంతట తానే పెరుగుతుంది.

అదెలాగో వినండి. రీలు నిండా దారం ఉన్నప్పుడు చుట్ట వ్యాసార్ధం 6 సెంటీమీటర్లు అనుకుందాం. దారం పోగా పోగా చుట్ట సన్నబడి 3 సెంటీమీటర్లకు వచ్చింది. లోపలి పలకల ఒరిపిడి మారలేదు, కానీ దాన్ని తిప్పడానికి చేప లాగవలసిన బలం రెట్టింపయింది. 8 కిలోలు పెట్టిన డ్రాగ్ ఇప్పుడు 16 కిలోలు. దీనికి తోడు నీటిలో వందల మీటర్ల దారం విల్లులా వంగి ఉంటుంది. ఆ దారాన్ని నీరు పట్టి ఆపే బలం కూడా ఇందులో చేరుతుంది. ఇంకాస్త అయితే 24 కిలోల దారం తెగుతుంది. దారం అయిపోతోందన్న భయంతో కొత్తవారు సరిగ్గా ఈ సమయంలోనే డ్రాగ్ ఇంకా బిగిస్తారు. చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. చుట్ట సగానికి వచ్చిందంటే డ్రాగ్ తగ్గించాలి, పడవను చేప వైపు నడపమని చెప్పాలి. రీలు కొనేటప్పుడు కూడా ఈ లెక్క గుర్తుండాలి. మీకు 300 మీటర్ల దారం అవసరమని తోస్తే సరిగ్గా 300 పట్టే రీలు కొనకండి. 500 పట్టేది కొనండి. అప్పుడు చుట్ట ఎక్కువసేపు లావుగా ఉంటుంది, బిగువు నిలకడగా ఉంటుంది.

బిగువు ఎంత అన్నది ఒక ఎత్తు, ఎంత నిలకడగా ఉందన్నది మరో ఎత్తు. చేప పరుగులోని శక్తి అంతా డ్రాగ్ పలకల మధ్య వేడిగా మారుతుంది. 10 కిలోల బిగువు మీద చేప సెకనుకు 10 మీటర్ల వేగంతో పరుగెత్తితే ఆ పలకల మధ్య పుట్టే వేడి సుమారు 1,000 వాట్లు. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె ఇచ్చేంత వేడి ఆ చిన్న డబ్బాలో పుడుతుందన్నమాట. నాసిరకం పలకలు ఆ వేడికి పట్టుకుపోతాయి, వదిలేస్తాయి, మళ్ళీ పట్టుకుంటాయి. ఆ కుదుపులకే దారం తెగుతుంది. పూర్వం ఈ పలకలు తోలుతో చేసేవారు. ఇప్పుడు మంచి రీళ్ళలో కార్బన్ ఫైబర్ పలకలు వాడుతున్నారు. కాబట్టి పెట్టె మీద 25 కిలోల డ్రాగ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే పొంగిపోకండి. అది గరిష్ఠం. అందులో సగం బిగువు దగ్గర ఎంత మెత్తగా జారుతుందో చూడండి. రీలుకు దారం ఎక్కించి, ఒకరిని పట్టుకుని నడవమనండి. మొదట కదలడానికి ఒక గుంజు, తర్వాత ఒక జారుడు, మళ్ళీ ఒక గుంజు కనిపిస్తే ఆ రీలు అక్కడే వదిలేయండి. మనిషి శక్తినీ లెక్కలోకి తీసుకోండి. నిలబడి 10 కిలోల బిగువును గంటసేపు కాయడం సామాన్యమైన పని కాదు. అంతకు మించితే నడుముకు బెల్టు, భుజాలకు హార్నెస్ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

రీళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి స్పిన్నింగ్ రీలు. ఇందులో దారం చుట్ట కదలదు, దాని చుట్టూ తీగ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. ఎరను దూరంగా విసరడానికి ఇదే అనువు. పాపర్ అనే కొయ్య ఎరను పగడపు దిబ్బల అంచులకు విసిరి పెద్ద పారను రప్పించేవారు దీన్నే వాడతారు. రెండోది చుట్టే స్వయంగా తిరిగే రకం, దాన్ని ట్రోలింగ్ రీలు అంటాం. పడవ నడుస్తుండగా ఎరలను వెనక ఈడ్చుకుపోయే వేటకు, లోతు నుంచి బరువు ఎత్తడానికి ఇదే తగినది. ఒకే రీలు రెండు పనులకూ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ట్రోలింగ్ రీళ్ళలో మళ్ళీ రెండు రకాల డ్రాగులు. నక్షత్రపు చక్రంతో బిగించేది చవక, మరమ్మతు తేలిక. కానీ వేట మధ్యలో ఎంత తిప్పితే ఎంత బిగిసిందో తెలియదు. లివర్ డ్రాగ్‌లో ముందే కొలిచి పెట్టుకున్న స్థానం ఉంటుంది. చేప తగిలినప్పుడు లివర్ అక్కడ ఉంటే బిగువు సరిగ్గా మీరు కొలిచిందే. వేలితో కాస్త వెనక్కి నెడితే వదులు, మళ్ళీ ముందుకు తెస్తే మొదటి బిగువు. పెన్ కంపెనీ 1936లో తెచ్చిన సెనేటర్ నక్షత్రపు డ్రాగ్ రకానికి పేరుపొందితే, 1966లో అదే కంపెనీ తెచ్చిన ఇంటర్నేషనల్ రీలు లివర్ డ్రాగ్‌ను పెద్ద చేపల వేటకు మారుపేరు చేసింది. మార్లిన్, పెద్ద సూర మీ లక్ష్యమైతే లివర్ డ్రాగే తీసుకోండి. వీలైతే రెండు వేగాలున్నది తీసుకోండి. చేప మన వైపు వస్తున్నప్పుడు పిడి ఒక తిప్పుకు చుట్ట మూడుసార్లు తిరగాలి. అదే చేప లోతులో మొండికేసి నిలిచినప్పుడు ఒక తిప్పుకు ఒకటీ చిల్లరసార్లు తిరిగితే చాలు. అప్పుడే చేతికి బలం మిగులుతుంది. ఈ రీళ్ళ మీద ఉండే 30, 50, 80, 130 అంకెలు అవి మోయగల దారం తరగతిని పౌన్లలో చెబుతాయి. స్పిన్నింగ్ రీళ్ళ మీద ఉండే 8000, 14000, 20000 అంకెలు మాత్రం ఆయా కంపెనీల సైజులు. ఒక కంపెనీ 14000, మరో కంపెనీ 14000 సమానం కావాలని లేదు. అక్కడ అంకెను కాక, ఏ దారం ఎన్ని మీటర్లు పడుతుందో చూడండి.

ఇప్పుడు దారం. కాటలినా రోజుల్లో అవిసెనార పోగులతో పేనిన దారం వాడేవారు. తడిసినప్పుడు పోగుకు సుమారు 3 పౌన్ల బలం. రోజూ వేట అయ్యాక రీలు నుంచి విప్పి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేది. 1938లో డూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించాక ఆ అవస్థ తీరింది. ఒకే పోగుగా తీసిన ఆ దారాన్నే మనం మోనో అంటున్నాం. 1990లో నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం సంస్థ డైనీమా అనే పాలిథిన్ పోగును వాణిజ్యపరంగా తయారుచేయడం మొదలుపెట్టింది. అటువంటి పోగులను జడలా అల్లిన దారమే ఇప్పటి బ్రెయిడ్.

మోనో తెగేలోపు ఐదో వంతు, అంతకన్నా ఎక్కువ కూడా సాగుతుంది. చేప హఠాత్తుగా ఎగిరినా తల విదిల్చినా ఆ సాగుడు దెబ్బను మింగేస్తుంది. రాతి ఒరిపిడిని కొంత ఓర్చుకుంటుంది, చవక, ముడి సులువు. అందుకే మార్లిన్ ట్రోలింగులో ఇప్పటికీ మోనోదే పైచేయి. అయితే లావు ఎక్కువ, ఎండకు పాడవుతుంది, ఏటా మార్చాలి. బ్రెయిడ్ దాదాపు సాగదు. వంద మీటర్ల లోతున చేప ఎరను తాకినా చేతికి తెలుస్తుంది, గాలం వెంటనే నాటుకుంటుంది. అదే బలానికి దాని వ్యాసం మోనోలో సగమే ఉంటుంది. వ్యాసం సగమైతే అదే రీలులో నాలుగింతల పొడవు పడుతుంది. నీటి ఒరిపిడీ తగ్గుతుంది. లోతు వేటకు, పగడపు దిబ్బల దగ్గర పాపర్ వేటకు బ్రెయిడ్‌ను మించింది లేదు. దాని లోపాలూ చెప్పాలి. పదునైన రాయి తగిలితే ఇట్టే తెగుతుంది. దాని పోగు సుమారు 145 డిగ్రీల వేడికే కరుగుతుంది కాబట్టి పొడిగా ముడి బిగిస్తే ఒరిపిడికి అక్కడే బలహీనపడుతుంది. ముడిని తడిపి నెమ్మదిగా బిగించాలి. మరీ ముఖ్యంగా, పరుగెత్తే బ్రెయిడ్ చేతి వేలిని ఎముక దాకా కోస్తుంది.

బ్రెయిడ్ మీద పీఈ 4, పీఈ 6, పీఈ 8 అని ఉంటుంది. అది జపాన్ వారి లావు కొలత. పీఈ అంకెను పదితో గుణిస్తే పౌన్లలో ఉజ్జాయింపు బలం వస్తుంది. పీఈ 8 అంటే 80 పౌన్లు, మంచి రకమైతే ఇంకొంచెం ఎక్కువ. పెద్ద పార కోసం అండమాన్ వెళ్ళేవారు పీఈ 8 దారం 300 మీటర్లు పట్టే స్పిన్నింగ్ రీలు, 12 కిలోల బిగువును నిలకడగా ఇచ్చే డ్రాగ్ చూసుకుంటే సరిపోతుంది. రికార్డు కోసం వేటాడేవారు మాత్రం దారం డబ్బా మీద తరగతి హామీ ఉందో లేదో చూడాలి. మామూలు దారం రాసిన దానికన్నా ఎక్కువ బలం దగ్గర తెగుతుంది. రికార్డు దారం రాసిన బలానికి లోబడే తెగాలి.

దారం ఎంత మంచిదైనా చుట్టే తీరు తప్పితే డబ్బు వృథా. బ్రెయిడ్‌ను నేరుగా నున్నటి చక్రం మీద చుడితే మొత్తం చుట్ట జారి తిరుగుతుంది. డ్రాగ్ పాడైందని అనుకుంటాం. అడుగున కొద్దిగా మోనో చుట్టి, దాని మీద బ్రెయిడ్ ఎక్కించాలి. వదులుగా చుట్టకూడదు. తడిగుడ్డతో గట్టిగా పట్టి, బిగువుగా చుట్టాలి. లేకపోతే చేప లాగినప్పుడు పై పొర కింది పొరల్లోకి దిగబడి చిక్కుకుంటుంది, పరుగు మధ్యలో దారం ఠక్కున తెగుతుంది.

దారం చివర లీడర్ అనే మందపాటి దారం ముక్క తప్పనిసరి. రాళ్ళకు, చేప ఒంటికి, తోకకు ఒరుసుకునేది ఈ చివరి మీటర్లే. పెద్ద పారకు 60 నుంచి 100 కిలోల మోనో లీడర్ వేస్తారు. కంటిచూపు చురుకైన సూరకు ఫ్లోరోకార్బన్ మేలు. అది కాంతిని వంచే తీరు నైలాన్ కన్నా నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి తక్కువగా కనిపిస్తుంది, బరువు ఎక్కువ కాబట్టి మునుగుతుంది. వంజరం వంటి కత్తిపళ్ళ చేపలకు మాత్రం ఉక్కు తీగ ఉండాల్సిందే. బ్రెయిడ్‌ను లీడర్‌తో కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి. అది సన్నగా ఉండి రాడ్ రింగుల్లోంచి సులువుగా దాటుతుంది. పడవ ఊగుతున్నప్పుడు కూడా వేయగలిగేదాకా ఇంట్లో సాధన చేయండి.

ఉప్పునీరు లోహానికి శత్రువు. రీలు ఒళ్ళు అల్యూమినియం దిమ్మెను కోసి చేసిందై, పైన ఆనోడైజింగ్ పూత ఉండాలి. లోపలికి నీరు చొరకుండా సీళ్ళు ఉండాలి. ఒడ్డుకు రాగానే డ్రాగ్ బిగించి, మంచినీటిని మెల్లగా చల్లి కడగండి. పైపుతో జోరుగా కొట్టకండి, ఉప్పు లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి ఉంచితే పలకలు అణిగిపోయి, మరుసటి వేటలో జర్కులిస్తాయి.

డబ్బు సంగతి. షిమానో స్టెల్లా, డైవా సాల్టిగా వంటి అగ్రశ్రేణి స్పిన్నింగ్ రీళ్ళ ధర లక్ష రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. అవి గొప్పవే. అయితే వాటికన్నా చాలా తక్కువ ధరలో కూడా పెద్ద చేపను నిలబెట్టగల రీళ్ళున్నాయి. బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి. డ్రాగ్ పలకలు, ఒంటి గట్టిదనం, దారం పట్టే పొడవు, ఈ మూడింటికీ డబ్బు పెట్టండి. మిగిలింది మంచి దారానికి, లీడరుకు ఖర్చు చేయండి. ఖరీదైన రీలుకు చవక దారం చుట్టి చేప పోగొట్టుకోవడం తెలివి కాదు.

మరో మాట. సన్నటి దారంతో పెద్ద చేపను గంటల తరబడి అలసిపోనిచ్చి పట్టడం గొప్ప అనుకునేవారున్నారు. చేపను తిరిగి నీటిలో వదిలేవారికి అది తగదు. ఎక్కువసేపు పెనుగులాడిన చేప ఒంట్లో ఆమ్లం పెరిగి, వదిలాక కూడా చచ్చిపోవచ్చు. తగినంత బలమైన సరంజామా వాడి, త్వరగా దగ్గరికి తెచ్చి వదిలేయడమే చేపకు చేసే న్యాయం. తిమింగల సొరను 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం రక్షిస్తోంది, రంపపు చేపలకూ రక్షణ ఉంది. అవి తగిలితే దారం కోసి వదిలేయడం మన బాధ్యత.

చివరిగా మన మత్స్యకార సోదరులకు నా విన్నపం. చేతి తాడుతో వేటాడినా వదలడం తెలియాలన్న ఈ సూత్రమే వర్తిస్తుంది. తాడును ఎన్నడూ చేతికి చుట్టుకోవద్దు, కాళ్ళ దగ్గర చుట్టలుగా పడనివ్వొద్దు. చేతికి మందపాటి గ్లవుజులు, నడుముకు పదునైన కత్తి, ఒంటికి లైఫ్‌జాకెట్ ఉండాలి. పడవ అంచుకు బిగించే చిన్న డ్రాగ్ రీలు ఒకటి నలుగురు కలిసి కొనుక్కున్నా మంచిదే. అటువంటి రీళ్ళను సబ్సిడీ మీద ఇచ్చే ఆలోచన ప్రభుత్వం చేయాలి.

రీలు కొనబోయే శ్రోతలకు ఒక్క సూచన. వేలాడే స్ప్రింగు కాటా ఒకటి కొని రీలుతో పాటే ఉంచుకోండి. సముద్రంలోకి వెళ్ళే ప్రతి ఉదయం రాడ్‌ను వంచి, దారం చివర కాటా తగిలించి, చక్రం జారే దగ్గర అంకె చూడండి. అది దారం బలంలో మూడో వంతు ఉంటే పడవ ఎక్కండి. లేకపోతే సరిచేసుకున్నాకే బయల్దేరండి.